కల్యాణానికి వారసులెవరు?

(జహీరాబాదు ప్రాంతంలోని ఒక ఊరి మాదిగవాడలో, చింతచెట్టు కింద రాత్రిపూట జరిగిన సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరును చాలావరకు అట్లాగే ఉంచాం.)

 

పొద్దంతా పనికి పోయొచ్చి, ఇంత బువ్వ తిని వచ్చి కూర్చున్నారు. నిద్ర మీ కళ్ళ మీదనే ఉంది. కాబట్టి ఎక్కువ సాగదీయం.

ఈ ఊర్లో పదిరోజులుగా నలుగుతున్న సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. మన వాడ పిల్లగాడు, ఊర్లోని పెద్దింటి పిల్ల రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. చేసుకుని ఎక్కడికో పోలేదు, ఊరికే వచ్చారు. వాళ్ళను వెళ్ళగొట్టేదాకా వాడలో ఎవ్వరినీ కూలికి పిలవొద్దని, పాలు పొయ్యొద్దని, కిరాణం సామాను ఇవ్వొద్దని ఊరి పెద్దమనుషులు కట్టడి చేశారు. రేపు పొద్దున పంచాయతీ. ఆ సంగతికి చివర్లో వస్తాం. ముందు ఒక ఊరి కథ చెప్తాం. ఆ ఊరి పేరే కల్యాణం. కల్యాణమంటే మన భాషలో పెళ్ళి. ఒక పెళ్ళి వల్ల కూలిపోయిందని జనం చెప్పుకునే ఊరికి ఆ పేరుండటం చిత్రమే.

మనకు దగ్గరి ఊరే

మన జహీరాబాదు నుంచి ముంబాయి రోడ్డు పట్టుకుని పోతే, రాష్ట్రం దాటి హుమ్నాబాద్ మీదుగా సస్తాపూర్ బంగ్లా వస్తుంది. రోడ్డుకు రెండు దిక్కులా లారీ షెడ్లు, వెల్డింగు మెరుపులు, టైర్ల కుప్పలు. అక్కడ లోపలికి తిరిగితే బసవకల్యాణం. బీదర్ జిల్లా. నూరు కిలోమీటర్లు కూడా ఉండదు. 1956 దాకా వాళ్ళూ మనమూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాం. 2011 జనాభా లెక్కల్లో డెబ్బై వేలకు అటూఇటూగా జనం ఉన్న చిన్న పట్నం.

2023 వానాకాలంలో మేం ఎనిమిది మందిమి జీపు కట్టుకుని పోయాం. ఊరంతా బోర్డులే. ఇటు కోట, అటు దర్గా, ఇటు గవి, అటు మఠం. అన్ని బోర్డుల మీదా రెండే మాటలు కనపడ్డాయి. ఒకటి అభివృద్ధి, రెండోది వారసత్వం. పాతదాన్ని కాపాడుతూ కొత్తదాన్ని కడుతున్నామని సర్కారు అంటుంది. మంచిదే. ఎవరు కాదంటారు? కానీ వారసత్వమనే మాట వినగానే మాకొక అనుమానం వచ్చింది. వారసుడంటే ఆస్తి వచ్చేవాడు. ఈ ఊరి ఆస్తి ఏమిటి? వారసులెవరు?

ఒక ఊరు, రెండు దారులు

పదకొండో శతాబ్దం నడుమ చాళుక్య రాజు మొదటి సోమేశ్వరుడు తన రాజధానిని మాన్యఖేటం నుంచి ఈ కల్యాణానికి మార్చాడు. అతని కొడుకు ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా, యాభై ఏళ్ళు, ఇక్కడి నుంచే ఏలాడు. తన పేరుతో కొత్త శకమే మొదలుపెట్టాడు. ఆయన కొలువులో విజ్ఞానేశ్వరుడనే పండితుడు ఉండేవాడు. యాజ్ఞవల్క్య స్మృతికి ఆయన రాసిన వ్యాఖ్యానం పేరు మితాక్షర.

ఈ పేరు మీరు విని ఉండకపోవచ్చు. కానీ మీ ఊరి దొర భూమి దొర కొడుక్కే ఎట్లా పోయిందో ఆ పుస్తకంలో ఉంది. తాతతండ్రుల ఆస్తిలో మగపిల్లవాడికి పుట్టుకతోనే హక్కు, ఆడపిల్లకు ఆ హక్కు లేదు అన్నది మితాక్షర పద్ధతి. తెల్లవాళ్ళ కోర్టులు కూడా దాన్నే చట్టంగా పట్టుకున్నాయి. దేశంలో బెంగాలు వైపు తప్పిస్తే దాదాపు అన్నిచోట్లా అదే నడిచింది. ఆస్తి లేని మనకు వారసత్వ చట్టంతో ఏం పని అనుకోవద్దు. మనకు ఆస్తి ఎందుకు లేదన్నదే అసలు ప్రశ్న.

ఆ స్మృతిలో ఇంకో ముచ్చట ఉంది. కింది కులం మగవాడు పై కులం ఆడమనిషితో సంబంధం పెట్టుకుంటే మగవాడికి చావు, ఆడమనిషికి చెవులూ అవీ కోసేయడం శిక్ష. విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్యానం రాసింది ఈ స్మృతికే, కూర్చుని రాసింది ఈ ఊర్లోనే. దీన్ని మనసులో పెట్టుకోండి.

ఆ పుస్తకం పుట్టిన కొన్ని దశాబ్దాలకు అదే కల్యాణంలో ఇంకొక దారి పడింది. పన్నెండో శతాబ్దం నడుమ బిజ్జలుడు రాజ్యాన్ని చేజిక్కించుకున్నాడు. ఆయన కొలువులో భండారి బసవన్న. పుట్టుక బ్రాహ్మడు, జంధ్యం వద్దన్నవాడు. ఆయన చుట్టూ చేరిందెవరో వినండి. తోళ్ళు ఊనే డోహర కక్కయ్య, చెప్పులు కుట్టే హరళయ్య, బట్టలు ఉతికే మాచిదేవుడు, పడవ నడిపే చౌడయ్య, తాళ్ళు పేనే నులియ చందయ్య, రాలిన బియ్యం గింజలు ఏరుకునే మారయ్య, ఆయన పెండ్లాం లక్కమ్మ. ఆడవాళ్ళు, వేశ్యగా బతికిన సంకవ్వతో సహా, మాటలు కట్టారు. వాటినే వచనాలంటారు. అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకున్న చోటును అనుభవ మండపమన్నారు. చేసే పనే కైలాసమన్నారు. పని చేసేవాడు మైలగాడన్న లెక్కను తిప్పేశారు.

ఈ రెండు దారులూ మన తెలుగులోకి కూడా వచ్చాయి. పదమూడో శతాబ్దంలో కేతన మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అదే శతాబ్దంలో మన పాలకుర్తి సోమనాథుడు బసవన్న కథను ద్విపదలో, జనం పాడుకునేటట్టు కట్టాడు. ఒకటి పెద్దింట్లోకి పోయింది, ఒకటి వీధిలోకి వచ్చింది. వీధిలోకి వచ్చినది పాటగా మిగిలింది. పెద్దింట్లోకి పోయినది పట్టాగా మిగిలింది.

ఆ పెళ్ళి

ఇక పెళ్ళి సంగతి. చెప్పులు కుట్టే హరళయ్యకు ఒక కొడుకు, శీలవంతుడు. బిజ్జలుడి కొలువులో మంత్రిగా ఉన్న మధువరసుకు ఒక కూతురు, లావణ్య. మధువరసు పుట్టుకతో బ్రాహ్మడు. బసవన్న దారిలోకి వచ్చినవాడు. కులం పోయిందని అందరం అంటున్నాం కదా, మరి పిల్లనిచ్చి పుచ్చుకుందామని రెండిళ్ళవాళ్ళూ అనుకున్నారు. పెళ్ళి జరిగింది.

అంతవరకూ ఓర్చుకున్న పెద్దలు అక్కడ ఆగలేదు. కలిసి కూర్చుంటే చూశారు, కలిసి తింటే చూశారు. పిల్లను ఇచ్చేసరికి రాజు దగ్గరికి పరుగెత్తారు. హరళయ్యనూ మధువరసునూ కళ్ళు పెరికించి, ఏనుగు కాలికి కట్టించి వీధుల్లో ఈడ్పించారని చెప్తారు. తర్వాత బిజ్జలుణ్ణి చంపేశారు. 1167 ప్రాంతం మాట ఇది. శరణులు ఊరు విడిచి చెల్లాచెదరయ్యారు. తాటాకు కట్టలు చంకన పెట్టుకుని పడమటి అడవుల్లోని ఉళవి దాకా పోయారని చెప్తారు.

నిజం చెప్పాలంటే ఇందులో అందరూ ఒప్పుకున్నది కొంత, ఒప్పుకోనిది కొంత ఉంది. సోమనాథుడి పురాణంలో ఇద్దరు భక్తుల కళ్ళు తీయించిన సంగతి ఉంది గానీ ఈ పెళ్ళి లేదు. పెళ్ళి కథ తర్వాతి వాళ్ళు చెప్పుకున్నది. పండితులు దాని మీద వాదించుకుంటారు. మేం ఒక్కటే అంటాం. రాజులు ఇచ్చిన దానాలు రాళ్ళ మీద ఉన్నాయి. మాదిగ ఇంటి పెళ్ళికి రాయి ఎవరు చెక్కిస్తారు? అది జనం నోటిలోనే ఉండాలి. ఎనిమిది వందల యాభై ఏళ్ళుగా ఉంది.

ఆ తాటాకులను 20వ శతాబ్దంలో బిజాపూరు వకీలు ఫకీరప్ప హళకట్టి ఇల్లిల్లూ తిరిగి పోగుచేశాడు. 1923లో అచ్చు వేయించాడు. విజ్ఞానేశ్వరుడి పుస్తకానికి ఇట్లా దాక్కోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. అది నేరుగా కోర్టుకు పోయింది.

దాన్ని కోర్టు నుంచి బయటికి లాగాలని చూసింది మన బాబాసాహెబ్. హిందూ కోడ్ బిల్లులో మితాక్షర ఉమ్మడి ఆస్తి పద్ధతినే తీసేయాలన్నాడు. ఆడపిల్లకు వాటా అన్నాడు. పెద్దలు పడనివ్వలేదు. బిల్లును అటకెక్కించినందుకు 1951 సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. 1956 వారసత్వ చట్టంలో కూడా ఆ ఉమ్మడి పద్ధతిని అట్లాగే మిగిల్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి కూతురికి సమాన హక్కు వచ్చింది. దేశమంతటా 2005లో గానీ రాలేదు. కల్యాణంలో రాసిన ఒక్క పుస్తకాన్ని సవరించడానికి తొమ్మిది వందల ఏళ్ళ దాకా పట్టింది. ఇదీ వారసత్వమంటే.

తోలు బాకీ

హరళయ్య పేరు చెప్పగానే అక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది. ఒకనాడు హరళయ్య బసవన్నకు ఎదురై 'శరణు' అన్నాడట. బసవన్న 'శరణు శరణార్థి' అని రెండుసార్లు మొక్కాడట. నా ఒక్క దండానికి అంత పెద్దాయన రెండు దండాలు పెట్టాడే, ఈ బాకీ ఎట్లా తీరాలని హరళయ్య, ఆయన భార్య కల్యాణమ్మ తమ తొడల తోలు తీసి చెప్పులు కుట్టారట. బసవన్న వాటిని తొడుక్కోలేదట, నెత్తిన పెట్టుకున్నాడట.

భక్తులు ఈ కథకు కన్నీళ్ళు పెట్టుకుంటారు. మాకూ కన్నీళ్ళు వచ్చాయి. కానీ మేం మాదిగ బిడ్డలం, ఇంకోటి కూడా అడుగుతాం. ఒక మనిషి ఇంకో మనిషికి తిరిగి దండం పెడితే అది బాకీ ఎందుకయింది? తిరిగి దండం పెట్టేవాడు అంతకుముందు ఎవడూ లేడు గనుకనే గదా! ఎన్ని తరాల అవమానం ఉంటే ఒక్క మర్యాదకు సొంత తోలు ఇయ్యబుద్ధి అవుతుంది? బసవన్నను మేం తక్కువ చేయడం లేదు. ఆ చెప్పులు నెత్తిన పెట్టుకున్నవాడు ఆయనే. అయితే ఆయన పేరు చెప్పుకునేవాళ్ళు ఆ తర్వాత తామే ఒక పెద్ద కులమై కూర్చున్నారు. హరళయ్య మనవలు మళ్ళీ ఊరి బయటనే ఉన్నారు.

మేం చూసిన ఊరు

ఆ ఊరి కోటను చాళుక్యుల తర్వాత బహమనీలు, బీజాపూరు సుల్తానులు ఏలారు. 1657లో ఔరంగజేబు ముట్టడించి పట్టుకున్నాడు. తర్వాత నిజాం కింద కల్యాణి నవాబుల జాగీరయింది. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా అదే నడిచింది. హైదరాబాదులో మనం తినే కల్యాణి బిర్యానీ, పెద్దకూర బిర్యానీ, ఈ నవాబుల ఇంటి పేరుతో వచ్చిందే. బీదోడి బిర్యానీ అని దానికి పేరు. అది కూడా ఆ ఊరి వారసత్వమే. ఏ బోర్డు మీదా మాకు కనపడలేదు.

2012లో 108 అడుగుల బసవన్న విగ్రహం లేచింది. 2021 జనవరి 6న కొత్త అనుభవ మండపానికి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశాడు. అంచనా 500 కోట్లు. 770 మంది శరణుల పేరున 770 స్తంభాలు. మేం పోయినప్పుడు పని నడుస్తున్నది. నెత్తిన తట్ట పెట్టుకుని పోతున్న ఒక కూలి ఆమెను, 'అక్కా, ఇక్కడేం కడుతున్నరు?' అని అడిగాం. 'గుడి గావచ్చు' అన్నది. ఆమె తప్పేం లేదు. బియ్యం గింజలు ఏరుకునే లక్కమ్మ రాజు కొలువోళ్ళ సరసన కూర్చుని మాట్లాడిన చోటు ఇది, నీకూ ఇందులో జాగా ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అక్కడే పీర్ పాషా బంగ్లా అనే పాత కట్టడం ఉంది. అసలు అనుభవ మండపం అదేనని 2022లో కొందరు మఠాధిపతులు లేచారు, ఊరేగింపు తీశారు. పోలీసులు వచ్చారు. అందరూ కూర్చుని మాట్లాడుకోవాలని పెట్టుకున్న మండపం పేరు మీద మనుషులు మాట్లాడుకోకుండా అయ్యే కాలం వచ్చింది. కల్యాణంలో రాజ్యాలు మారాయి, దేవుళ్ళు మారారు. గోడ ఎవరిదని తగాదా వస్తే ముందు దెబ్బ తినేది ఆ గోడ పక్కన గుడిసె వేసుకున్నవాడే.

మాకు అన్నిటికంటే నచ్చినవి గవులు. హరళయ్య గవి, నులియ చందయ్య గవి, అక్క నాగమ్మ గవి. మాచిదేవుడి పేరున ఒక గుంట ఉంది, ఆయన బట్టలు ఉతికిన చోటని చెప్తారు. దేశంలో ఎన్ని పాత పట్నాలు చూశాం! రాజు మేడ ఎక్కడుందో చెప్తారు, రాణి స్నానం చేసిన బావి చూపిస్తారు. చాకలి ఉతికిన గుంటను, తాళ్ళు పేనినవాడి గవిని పేరు పెట్టి గుర్తుంచుకున్న ఊరు మేం ఇంకోటి చూడలేదు. ఆ ఊరి గొప్ప అక్కడుంది.

బస్టాండు దగ్గర గొడుగు కింద చెప్పులు కుట్టే పెద్దాయనను హరళయ్య గవికి దారి అడిగాం. ఆయన పెట్టె మూసి మాతోనే నడిచాడు. తెలుగు కొంచెం వచ్చు. దారిలో అన్నాడు: 'తొడ తోలు ఇచ్చిన హరళయ్యకు దండం పెడతరు. తిరిగొచ్చి తెగిన చెప్పు నా ముంగట పడేసి రెండు రూపాయలకు బేరం చేస్తరు.' గవి దగ్గర ఆయన చెప్పులు విడిచాడు, మేమూ విడిచాం. ఎవరి చెప్పులు ఎవరు కుట్టారో ఆ పూట గుర్తుకొచ్చింది.

తక్కెడలో మూడో రాయి

పాతదాన్ని కాపాడాలా, కొత్తదాన్ని కట్టాలా, ఇదీ సర్కారు పట్టుకున్న తక్కెడ. ఒక పళ్ళెంలో కోట, ఇంకో పళ్ళెంలో కాంక్రీటు. మనం విగ్రహాలకు విరోధులం కాదు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహం నిలబడితే మనమూ లారీలు కట్టుకుని పోయాం, సంతోషపడ్డాం. కానీ విగ్రహం నీడలో ఎవరున్నారు, ఎట్లా ఉన్నారు అని అడగడం కూడా బాబాసాహెబే నేర్పాడు.

కల్యాణం గురించి మా అడుగుడు నాలుగు ముక్కలు. ఒకటి, కోటకు చేసే మరమ్మతు గవులకూ మాచిదేవుడి గుంటకూ చేయాలి. రెండు, అభివృద్ధి పేరున ఆ చుట్టూ ఉన్న బీదల ఇళ్ళు ఎత్తేయొద్దు, హిందువైనా ముస్లిమైనా. మూడు, కొత్త మండపంలో హరళయ్య, మాచిదేవుడు, చందయ్య కులాల పిల్లలకు చీపురు పని ఒక్కటే ఇస్తే ఒప్పుకోం, కథ చెప్పే పని ఇవ్వాలి, కమిటీలో కుర్చీ ఇవ్వాలి. నాలుగు, ఆ 770 స్తంభాల కింద ఏటా కులాంతర పెళ్ళిళ్ళు జరిపించాలి. ఏ పెళ్ళికి ఆ ఊరు కూలిందో ఆ పెళ్ళి జరగని మండపం 500 కోట్లదైనా అది ఖాళీ మండపమే.

మన ఊరికి వద్దాం

ఆ శిక్ష ఆ కాలంతో పోయిందా? 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఏం జరిగింది? గర్భిణి అయిన భార్య పక్కన ఉండగానే దళిత యువకుణ్ణి పట్టపగలు నరికించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. ఏడేళ్ళయినా శిక్ష పడింది, సరే. కానీ ఏనుగు పోయి కత్తి వచ్చింది తప్ప, కళ్ళు పెరికిన చెయ్యి అదే. చట్టం పుస్తకంలో మారింది. ఇంట్లో ఇంకా విజ్ఞానేశ్వరుడే ఉన్నాడు.

మన ఇంట్లో కూడా ఉన్నాడు. కోపం తెచ్చుకోవద్దు, చెప్తాం. ఇందిరమ్మ ఇంటి జాగా కొడుకు పేరున చేయించి, బిడ్డకు చీర పెట్టి పంపినవాళ్ళు ఈ చెట్టు కిందనే ఉన్నారు. మాల ఇంటికి మాదిగ పిల్లను ఇయ్యమన్నవాళ్ళు, మాదిగ ఇంటికి మాల పిల్లను ఇయ్యమన్నవాళ్ళు ఉన్నారు. మేం కూడా ఆ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. పెద్దింటోళ్ళను అడిగే ముందు మన గడప మనం కడుక్కోవాలి.

ఇగ రేపటి సంగతి. ఆ పిల్ల, పిల్లగాడు ఇదిగో ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆ పిల్లకు వాళ్ళ ఇంట్లో అన్నదమ్ములతో సమానంగా చట్టంలో వాటా ఉంది. ఆమె ఆ వాటా అడగలేదు. ఈ వాడలో ఇంత జాగా అడిగింది. పది రోజులు కూలి లేకపోతే మీ పొయ్యి ఎట్లా మండుతుందో మాకు తెలుసు. 'ఒక్కడి పెళ్ళికి నూరిళ్ళ పస్తులా' అని మీలో కొందరు అంటున్నారని కూడా విన్నాం. అన్నవాళ్ళను తప్పుపట్టం, ఆకలి అట్లా అనిపిస్తుంది. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. వాళ్ళిద్దరినీ పంపేస్తే రేపటి నుంచి కూలి దొరుకుతుంది, నిజమే. కానీ ఈ వాడ పిల్లలు ఎవర్ని చేసుకోవాలో చెప్పే హక్కు ఆ కూలితో పాటే అమ్ముడుపోతుంది. అది మన మనవల దాకా పోయే బాకీ. హరళయ్య తోలు బాకీ కంటే పెద్దది.

కాబట్టి మేం అనుకున్నది ఇది. రేపు పంచాయతీకి ఇద్దరు పెద్దమనుషులను పంపి తలకాయ వంచుకుని రావద్దు. వాడంతా పోదాం. ఆడవాళ్ళు ముందు కూర్చోండి. కూలి బందు పెట్టడం, పాలు, కిరాణం ఆపడం సాంఘిక, ఆర్థిక బహిష్కరణ. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణతో అది నేరం. ఎవరు ఏ రోజు ఏమన్నారో రాసిన దరఖాస్తు తయారుగా ఉంది. మధ్యాహ్నానికల్లా కట్టడి ఎత్తేయకపోతే అక్కడి నుంచి నేరుగా పోలీసు టేషనుకు, తర్వాత కలెక్టరు దగ్గరికి. చుట్టుపక్కల ఊర్ల సంఘాలు వారం రోజుల గింజలు జమ చేశాయి. ఈ రాత్రే ఇంటింటికీ పంచుతాం.

కల్యాణంలో ఆ పెళ్ళికి అక్షింతలు వేసినవాళ్ళు కష్టం రాగానే చెదిరిపోవలసి వచ్చింది. వాళ్ళ వెనక చట్టం లేదు, బాబాసాహెబ్ లేడు. మన వెనక ఉన్నారు. రాళ్ళను సర్కారు కాపాడుకోనీయండి. ఆ పెళ్ళికి వారసులం మనం. దాన్ని మనమే కాపాడుకోవాలి.

పొద్దున ఏడు గంటలకు ఈ చెట్టు కిందనే కలుద్దాం. జై భీమ్!